తాంబూలానికి రశీదు

నేను బాకీ లేని ఎనభై నాలుగు వేల రూపాయలకు నా చేతనే బాకీ కాగితం రాయించుకుని పోయారు. కత్తి చూపించలేదు, చెయ్యి మెలిపెట్టలేదు. మా ఇంటి తిన్నె మీద కూర్చుని, మా ఆవిడ ఇచ్చిన మజ్జిగ తాగి, నా పెన్నుతో, నా చేతిరాతతో రాయించుకున్నారు. అంతకంటే ఘోరం ఒకటుంది. కాగితం కావాలని పట్టుబట్టింది వాళ్ళు కాదు, నేను.

ఇది చదివి మీరు నవ్వుతారు. నవ్వండి, నేను అడ్డం రాను. నవ్వుతూ నవ్వుతూ ఒకచోట మీకు నోరు చేదవుతుంది. అక్కడ మాత్రం నన్ను తిట్టవద్దు. ఆ చేదు ఏడాదిగా నా నాలుక మీదే ఉంది.

అప్పటికి నాకు అరవై ఎనిమిదేళ్ళు. ఇప్పుడు డెబ్బై రెండు. కాబట్టి ఇది కుర్రతనంలో చేసిన పని అనుకోవాలి.

నా పేరు చెంగల్రాయులు. ఊరు పుత్తూరు. తాసిల్దారు ఆఫీసుకు ఎదురుగా మునిరత్నం జెరాక్సు కొట్టు ఉంది. ఆ కొట్టు వరండాలో ఒక బల్ల, ఒక స్టూలు వేసుకుని నలభై ఏళ్ళుగా జనానికి అర్జీలు రాస్తున్నాను. పింఛను రాలేదని, పట్టా ఇవ్వలేదని, పక్కింటివాడు గట్టు జరిపాడని, ఏ కష్టమొచ్చినా ముందు నా బల్ల దగ్గరికి వస్తుంది, ఆ తర్వాతే ఆఫీసు మెట్లెక్కుతుంది. ఒక్కరోజు కూడా పంతులు పని చేయకపోయినా అందరూ నన్ను 'అయ్యోరు' అంటారు.

నా చదువు అయిదో తరగతి. మిగతాది నేనే సంపాదించుకున్నాను. కుర్రవయసులో చిత్తూరులో ఒక వకీలు గారి దగ్గర గదులు ఊడ్చే పని దొరికింది. ఆయన ఉండచుట్టి పారేసిన కాగితాలను విప్పి, సాపు చేసి, ఒక్కొక్కటీ చదివి చట్టం నేర్చుకున్నాను. అంటే నాకు వచ్చిన చట్టమంతా ఆ వకీలు తప్పు రాశానని పారేసినదే. ఈ సంగతి నాకు నలభై ఏళ్ళపాటు తట్టలేదు.

ఆ చదువు నాకు రెండు నమ్మకాలు ఇచ్చింది. ఒకటి, రశీదు లేకుండా ఎవరికీ ఒక్క రూపాయి ఇవ్వకూడదు. రెండు, నేను రాసిన వాక్యంలో ఎంత పెద్ద వకీలూ సందు పట్టలేడు. ఈ రెండూ కలిసి నన్ను ఎలా ముంచాయో చెప్పాలంటే ముందు టైపురైటరు గురించి చెప్పాలి.

ఇరవై ఏళ్ళకు పైమాట. చేతిరాత అర్జీలను ఆఫీసువాళ్ళు పక్కన పడేస్తున్న రోజులు. తెలుగు టైపురైటరు కొందామని చిత్తూరులో ఒక ఫైనాన్సు కంపెనీలో అప్పు తీసుకున్నాను. నెలనెలా వాయిదా కట్టాను, ప్రతి వాయిదాకూ రశీదు తీసుకున్నాను. ఇక రెండే వాయిదాలు ఉన్నాయనగా బస్సెక్కి చిత్తూరు పోతే షట్టరు దించి ఉంది. పక్కన టీ కొట్టు ఆయన్ను అడిగాను.

"ఇంగ యాడ ఫైనాన్సప్పా! రెయ్యికి రెయ్యి ఎత్తేసినారు. జనం దుడ్డంతా తీసుకోని పారిపొయినారు. నీకెంత రావాల?"

"నాకు రావాల్సింది కాదు. నేనే ఇయ్యాల."

ఆయన నన్ను ఎగాదిగా చూసి, తన దుకాణంలో ఉన్న గిరాకీలనందరినీ పిలిచాడు. "ఇట్రాండప్పా, ఈ మడిసిని సూడండి! కంపెనీ పారిపోతే దుడ్డు కడతానని వచ్చినాడు!" అందరూ వచ్చి చూశారు. ఆరోజు టీకి నా దగ్గర డబ్బు తీసుకోలేదు. అప్పు కట్టబోయి పరాయివాళ్ళ జాలి పొందడం నాకు అదే మొదటిసారి. మరో రెండుసార్లు పోయాను. షట్టరుకు తుప్పు పట్టింది. నేను మానుకున్నాను. టైపురైటరు కూడా కొన్నేళ్ళకు అరిగి మూలపడింది.

నాలుగేళ్ళ కిందట ఒక పొద్దున ఫోను మోగింది. గొంతు తేనెలో ముంచి తీసినట్టు ఉంది.

"చెంగల్రాయులు గారేనా సార్? నమస్తే సార్. నా పేరు దినకర్. తిరుపతి ఆఫీసు నించి మాట్లాడతా ఉండా. తమరి టైపురైటరు లోను ఇంగా పెండింగులో ఉండాది సార్."

నాకు నవ్వొచ్చింది. "ఆ కంపెనీవాళ్ళు యాడుండారో నీకు తెలుసా నాయనా? నేను ఇరవై ఏండ్లుగా ఎతుకుతా ఉండాను."

"వాళ్ళ లెక్కలన్నీ మేం కొనుక్కున్నాం సార్."

"బాకీలు కొంటారా? వంకాయల మాదిరి?"

"వంకాయలైతే కుళ్ళిపోతాయి సార్. బాకీలు కుళ్ళవు. ఈ పొద్దుటికి ఎనభై నాలుగు వేలు అయింది. రేపు కడతారా, ఎల్లుండా?"

రెండు వాయిదాలు. ఆ రోజుల్లో ఆ డబ్బుతో మా ఇంటికి రెండు నెలల బియ్యం వచ్చేవి. దాన్ని వడ్డీ పెట్టి మేపి ఎనుబోతును చేసి తెచ్చారు. నేను చట్టం తెలిసినవాడిని కదా, గొంతు సవరించుకున్నాను. "ఇదిగో అబ్బోడా, బాకీకి ఆయుస్సు మూడేండ్లు. ఆ మూడేండ్లలో దుడ్డూ కట్టక, ఇస్తానని కాయితమూ రాసియ్యకపోతే, కోర్టు దాని మొగం సూడదు. మీరు కొనింది బాకీ కాదు, శవం."

ఆ మాట మీద నాకే ముచ్చటేసింది. ఫోను పెట్టేసి మా సరోజకు ఇంకోసారి చెప్పి వినిపించాను కూడా. సరోజ నా భార్య. నా అక్క కూతురే కాబట్టి పెళ్ళయి యాభై ఏళ్ళయినా నన్ను మామా అనే పిలుస్తుంది.

"శవమని నువ్వంటే సాలునా మామా," అంది, "మోసేవాళ్ళు కూడా ఒప్పుకోవాల గదా."

ఆమె మాట నిజమైంది. మరుసటి రోజు నుంచి తేనె గొంతు పోయి ఇంకో గొంతు వచ్చింది. "ఏం ముసిలోడా, దుడ్డు తినేసి సట్టం సెప్తావా?" అని మొదలుపెట్టి నేనిక్కడ రాయలేని చోటికి పోయేది. రోజుకు ఇరవైసార్లు. నేను ఎత్తకపోతే ఊరికి చేసేవాళ్ళు. నా నంబరు ద్వారా ఎవరెవరి నంబర్లు పట్టుకున్నారో భగవంతుడికే తెలియాలి. పాలావిడకు చేశారు. గ్యాసు ఇచ్చేవాడికి చేశారు. చివరికి శ్రీకాళహస్తిలో ఉన్న మా వియ్యంకుడికి చేశారు. ఆయన కంగారుగా నాకు ఫోను చేశాడు.

"బావా, యాడుండావు? నువ్వు పరారీలో ఉండావంట గదా!"

"నేను ఇంట్లో ఉప్మా తింటా ఉండాను బావా."

"నిజం సెప్పు. నీ వెనకాల ఎవురన్నా నిలబడి సెప్పిస్తా ఉండారా?"

ఉప్మాలో ఉప్పు తగ్గిందని సరోజ మీద అరిచి, ఆ అరుపు వినిపించాక గానీ ఆయన నమ్మలేదు.

ఏడుకొండలవాడు తన పెళ్ళికి చేసిన అప్పుకు ఇప్పటికీ వడ్డీ కడుతున్నాడని మేము చెప్పుకుంటాం. అన్ని యుగాలైనా కుబేరుడి మనుషులు మోటారుసైకిలెక్కి కొండ మీదికి పోయి, మహాద్వారం ముందు నిలబడి, "ఏం గోవిందా, వడ్డీ యాడ?" అని అరిచినట్టు ఏ పురాణంలోనూ లేదు. దేవుడికి దొరికినపాటి మర్యాదలో వీసమెత్తు నాకు దొరికినా ఈ కథ రాసేవాడిని కాదు.

ఒక సోమవారం వాళ్ళు నా బల్ల దగ్గరికే వచ్చారు. సోమవారం తాసిల్దారు ఆఫీసులో అర్జీలు తీసుకునే రోజు. జనం జాతరలా ఉంటారు. కుప్పమ్మ అనే ఆవిడకు వితంతు పింఛను అర్జీ రాస్తున్నాను. సగం అయింది. మోటారుసైకిలు వచ్చి బల్లకు మూరెడు దూరంలో ఆగింది. నడిపిన వాడు సన్నగా, ఇస్త్రీ చొక్కాతో ఉన్నాడు. అతనే దినకర్. వెనక కూర్చున్నవాడు దిగితే బండి జానెడు పైకి లేచింది. ఫోనులో తిట్టే గొంతు వాడిది.

"అందురూ ఇనండప్పా!" అని వాడు చేతులు చాపి అరిచాడు. "మీకు న్యాయం రాసిచ్చే ఈ పెద్దమడిసి ఎనభై నాలుగు వేలు ఎగ్గొట్టినాడు! ఈయన రాసిన అర్జీ తీసుకోని పొయినారంటే మీ పని కూడా ఎగిరిపోతాది!"

"రేయ్, గమ్మునుండు!" అని నేను లేచాను. "నేను ఎగ్గొట్టలే! మీ కంపెనీయే పారిపొయింది!"

"సూసినారా? బాకీ ఉండేది నిజమని ఒప్పుకున్నాడు!"

జనం ఒక్కొక్కరే వెనక్కి జరిగారు. కుప్పమ్మ నా చేతి కింది నుంచి తన కాగితాన్ని మెల్లగా లాక్కుంది.

"అయ్యోరా, తప్పనుకోవద్దు. మా ఇంటాయన పోయి ఏడాదయింది. ఈ పింఛను కూడా రాకపోతే నాకు గతిల్యా. ఆ కొసాన అర్జీలు రాసే ఇంకో ఆయన ఉండాడు గదా, ఆయన దగ్గిర రాయించుకుంటా."

'కావున తమరు దయతో' అనే దగ్గర ఆగిపోయిన నా వాక్యాన్ని చేతిలో పట్టుకుని ఆమె పోయింది. సాయంత్రానికి మునిరత్నం వచ్చి పక్కన నిలబడ్డాడు. మంచివాడు, నా కళ్ళలోకి చూడలేక జెరాక్సు మిషను వైపు చూస్తూ మాట్లాడాడు.

"అన్నా, కొన్ని దినాలు ఇంటికాడ ఉండు. ఇట్ల దినామూ గలాటా అయితే నా కొట్టుకాడికి ఎవురొస్తారు? నెలాఖరు లోపల తేల్సుకో. లేకపోతే బల్ల తీసెయ్యాల్సి వస్తాది."

ఎముక విరిగితే మా పుత్తూరుకు రావాలని దేశమంతటికీ తెలుసు. పక్క రాష్ట్రాల నుంచి కూడా మోసుకొస్తారు, కట్టు కట్టించుకుని నడిచి పోతారు. పేరు విరిగితే కట్టు కట్టేవాడు మాత్రం మా ఊళ్ళో లేడు. ఆ బల్ల మూడు పలకల చెక్కే. అది పోతే నేను అయ్యోరును కాను, అయిదో తరగతి చదివిన ఒక ముసలివాడిని.

ఇంటికి వచ్చి పథకం వేశాను. ఇక్కడి నుంచి జాగ్రత్తగా చదవండి. మనిషి తన గొయ్యి తాను ఎంత కొలత ప్రకారం తవ్వుకుంటాడో తెలుస్తుంది.

నా ఆలోచన ఇది. వాళ్ళు నన్ను వీధిలో అవమానించారు. నేను వాళ్ళను ఇంటికి పిలిచి, మర్యాద చేసి, మా వీధివాళ్ళందరి ఎదుట సిగ్గుపడేలా పంపాలి. దినకర్‌కు నేనే ఫోను చేశాను. "శుక్రవారం ఇంటికి రా నాయనా, కూర్సోని మాట్లాడుకుందాం." అది ఆడి నెల శుక్రవారం. అరవదేశం పక్కనున్న మా ఊళ్ళలో ఆడి శుక్రవారమంటే ఇంటింటా అమ్మవారి పూజ, వీధి నిండా పేరంటాలు. మా ఆవిడ చాదస్తం ఏమిటంటే, ఆరోజు గడప తొక్కినవాళ్ళు శత్రువులైనా సరే తాంబూలం ఇవ్వకుండా పంపదు.

వాళ్ళు వచ్చారు. తిన్నె మీద కూర్చున్నారు. లావాటివాడు కూడా పూజ వాసనకో ఏమో చెప్పులు బయటే విడిచాడు. సరోజ మజ్జిగ ఇచ్చింది. ఎదురింటివాళ్ళు, పక్కింటివాళ్ళు పేరంటం నెపంతో చుట్టూ చేరారు. నేను నా ఉపన్యాసం మొదలుపెట్టాను. చట్టం, ధర్మం, దించిన షట్టరు, టీ కొట్టు, ఏదీ వదల్లేదు. దినకర్ తల ఊపుతూ విన్నాడు. అంత శ్రద్ధగా నా మాట విన్నవాడు నా జీవితంలో లేడు. అప్పుడే అనుమానం రావలసింది.

"నిజమే సార్," అన్నాడు చివరికి. "మాకూ పైనోళ్ళు తిడతారు. ఏం సేస్తాం. ఇంగ ఈ పక్కకు రాములే."

వీధి అంతా నా వైపు చూసింది. నేను ఎంత ఉబ్బానంటే తిన్నె చాల్లేదు. సరోజ పళ్ళెంలో ఆకులు, వక్క, అరటిపండు పెట్టి తెచ్చింది. నేను పైపంచె సర్దుకుని, జేబులోంచి నూటపదహారు రూపాయలు తీసి ఆ పళ్ళెంలో పెట్టాను.

"ఇది బాకీ కాదు. ఆడి శుక్రవారం నాడు మా ఇంటికొచ్చినోళ్ళకు ఇచ్చే తాంబూలం. అప్పు పేరు సెప్పి మీరు గుంజుకోలేనిది నేనే పిలిచి ఇస్తా ఉండాను. తీసుకో."

ఎదురింటావిడ "అబ్బా!" అంది. అక్కడ ఆపి ఉంటే నేను మా వీధిలో ఇప్పటికీ హరిశ్చంద్రుడిని. వాళ్ళు డబ్బు తీసుకుని లేచారు. గడప దాకా పోయారు. నాలోని నలభై ఏళ్ళ అనుభవం ఉన్నట్టుండి మేలుకుంది.

"ఆగు నాయనా! రశీదు?"

సరోజ పళ్ళెం పట్టుకునే నా వైపు తిరిగింది. "తాంబూలానికి రశీదేంది మామా?"

"నీకు తెలీదు, గమ్మునుండు. దుడ్డు సేతులు మారితే కాయితం ఉండాల."

దినకర్ కూడా ఆశ్చర్యపోయాడు. అది నిజమైన ఆశ్చర్యమేనని ఇప్పటికీ నమ్ముతాను. వాడు నన్ను మోసం చేయడానికి వచ్చి, దారి దొరక్క తిరిగి పోతున్నాడు. నేనే వెనక్కి పిలిచి దారి చూపించాను. వాడు సంచిలోంచి రశీదు పుస్తకం తీశాడు.

"సార్, మాకు తెలుగు సరిగ్గా రాదు. చదివిందంతా ఇంగ్లీషు మీడియం. తమరట్లాంటి పెద్దలు తప్పులు సూస్తే నవ్వుతారు. తమరే రాసేయండి సార్, అసలుదీ నకలుదీ. పైన ఖాతా నంబరు మాత్రం ఎయ్యండి. నంబరు లేకపోతే మా ఆఫీసులో దుడ్డు జమ సేసుకోరు."

నా రాతను పొగిడితే నాకు కళ్ళు కనిపించవు. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. వాడు చెప్పిన నంబరు వేశాను. పెన్ను ఆనించాను. ఆ తర్వాత రాసింది నేను కాదు, నా చెయ్యి. నలభై ఏళ్ళుగా వేల కాగితాల మీద ఒకే బాట తొక్కిన చెయ్యి. గానుగెద్దును విప్పి పొలంలోకి వదిలినా గుండ్రంగానే తిరుగుతుందే, అలాగే అది తన దారిన తాను పోయింది. ఏం రాశానో చూడండి:

'పై ఖాతా తాలూకు నూటపదహారు రూపాయలు ఈ దినం నా ఇష్టపూర్వకంగా, ఎవరి ఒత్తిడీ లేకుండా చెల్లించి, మిగతా మొత్తాన్ని కూడా త్వరలో చెల్లించుకోగలనని ఇందుమూలంగా ఒప్పుకుని, స్వదస్తూరీతో రాసి చేవ్రాలు చేయడమైనది.'

రాసి, బయటికి చదివి వినిపించాను కూడా. ఎంత లయగా వచ్చిందో! మా వీధివాళ్ళు తలలూపారు. లావాటివాడు "శానా బాగుండాది సార్" అన్నాడు. వాడు నన్ను సార్ అనడం అదే మొదలు. నకలు నాకిచ్చి, అసలు మడిచి దినకర్ గుండె జేబులో పెట్టుకున్నాడు. పోతూ పోతూ నా కాళ్ళకు దండం పెట్టాడు. నేను ఆశీర్వదించాను.

తర్వాత వారం రోజులు నేను పుత్తూరులో నడవలేదు, తేలాను. ఎనిమిదో రోజు రిజిష్టరు పోస్టు వచ్చింది. లోపల నా రశీదు నకలు, దానితో పాటు నోటీసు. 'తమరు స్వదస్తూరీతో ఒప్పుకున్న బాకీ' అని మొదలైంది. మూడుసార్లు చదివాను. చదివిన ప్రతిసారీ ఆ వాక్యం ఇంకొంచెం గట్టిగా కనిపించింది. నేను శవమన్నాను కదా, ఆ శవం లేచి కూర్చుని నన్నే వడ్డీ అడుగుతోంది.

మా ఊరి కోర్టులో పనిచేసే వకీలు దగ్గరికి పరిగెత్తాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. జోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు.

"ఎవురు రాసింది ఈ కాయితం?"

నేను గోడ మీది క్యాలెండరు చూశాను.

"ఆయుస్సు తీరిన బాకీ అయినా, ఇస్తానని రాసిచ్చినాడంటే కోర్టులో దానికి మళ్ళా పానం వస్తాది. ఇది శానా గట్టిగా ఉండాది. సందు లేదు. ఒత్తిడి సేసి రాయించుకున్నారని వాదిద్దామంటే 'ఎవరి ఒత్తిడీ లేకుండా' అన్నాడు. తెలీక రాసినాడని వాదిద్దామంటే ఈ రాత సూస్తే జడ్జి నవ్వుతాడు. ఇంత పక్కాగా నేను కూడా రాయలేనప్పా. ఎవురు వాళ్ళ వకీలు?"

"నేనే," అన్నాను.

ఆయన నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. కుర్చీ చూపించి, నీళ్ళు తెప్పించాడు. వాళ్ళ దగ్గర పాత కంపెనీ అసలు పత్రాలు ఉన్నాయేమో చూపించమని అడుగుతూ జవాబు పంపుదామన్నాడు. "అవి లేకపోతే మనకు కొంచెం ఊపిరి. అంతదాకా నువ్వు దయసేసి ఏమీ రాయబాక."

ఈలోగా దినకర్, లావాటివాడు మళ్ళీ తాసిల్దారు ఆఫీసు ముందు ప్రత్యక్షం. ఈసారి అరుపుల్లేవు. నా రశీదుకు నకళ్ళు తీయించి వచ్చిన వాళ్ళందరికీ పంచారు. నకళ్ళు ఎక్కడ తీయించారంటారా? మునిరత్నం దగ్గరే.

"యాభై కాపీలు తీసినా అన్నా," అన్నాడు మునిరత్నం తల వంచుకుని. "గిరాకీ గదా, ఎట్ల వద్దనేది? నీ రాత మాత్రం జెరాక్సులో ముత్యాల మాదిరి వచ్చినాది."

బల్ల తీసేశారు. మూడు నెలలు ఇంట్లో కూర్చున్నాను. వకీలు గారు నాతోపాటు పోలీసు స్టేషనుకు వచ్చి, ఊరి మీద పడి అల్లరి చేయకూడదని వాళ్ళకు గట్టిగా చెప్పించాడు. అల్లరి ఆగింది. బాకీ ఆగలేదు, నెలనెలా ఒక నోటీసు వచ్చేది. మునిరత్నం తనే ఇంటికి వచ్చి బల్ల మళ్ళీ వేసుకోమన్నాడు. వేసుకున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళు సగానికి సగం తగ్గారు. సోమవారాల్లో జనం నా బల్ల దాటి కొసన ఉన్న ఆయన దగ్గరికి పోతుంటే, పెన్నులో సిరా చూసుకుంటూ కూర్చునేవాడిని.

మీరు ఇక్కడిదాకా నవ్వారు కదా. ఇక చేదు వచ్చే చోటు ఇది.

పోయిన ఏడాది ఒక సోమవారం కుప్పమ్మ వచ్చింది. అదే కుప్పమ్మ, నా చేతి కింది నుంచి కాగితం లాక్కుపోయినావిడ. కొసన ఉన్న ఆయన ఆరోజు రాలేదట. కొంగు ముడి విప్పి ఒక కాగితం నా ముందు పెట్టింది.

"అయ్యోరా, మా ఇంటాయన ఎప్పుడో పాడావుకు దుడ్డు తీసుకున్నాడంట. ఆవూ పొయినాది, ఆయనా పొయినాడు. ఇద్దురు బండి మింద వచ్చి ఇంటి ముందర ఒకటే గలాటా. నూర్రూపాయలు ఇస్తే ఎల్లిపోతామన్నారు. ఇస్తి. ఈడ ఏలి ముద్ర ఎయ్యమన్నారు. ఏస్తి. ఇప్పుడు ముప్పై వేలు కట్టాలంట. పింఛను పడతానే బ్యాంకుకాడికొచ్చి నిలబడుకుంటా ఉండారు."

కాగితం చేతిలోకి తీసుకున్నాను. ఇప్పుడు అది అచ్చు కాగితం. పేరుకు, మొత్తానికి ఖాళీలు వదిలారు. మిగతా అంతా అచ్చు. 'నా ఇష్టపూర్వకంగా, ఎవరి ఒత్తిడీ లేకుండా చెల్లించి, మిగతా మొత్తాన్ని కూడా త్వరలో చెల్లించుకోగలనని ఇందుమూలంగా ఒప్పుకుని...' ఒక్క కామా మారలేదు. 'స్వదస్తూరీతో' అన్నదాని బదులు 'వేలిముద్రతో' అని మార్చుకున్నారు. దాని కింద కుప్పమ్మ బొటనవేలు.

"కొసాన ఉండే ఆయనకు సూపిస్తే," అంది కుప్పమ్మ, "ఇది రాసినోడు మామూలోడు గాదు, మన పేదోళ్ళ గొంతు యాడుండాదో తెలిసి రాసినాడు అన్నాడు. వాడెవుడో గానీ, అయ్యోరా, వాని సెయ్యి పడిపోను!"

నా కుడి చెయ్యి బల్ల మీద ఉంది. తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. లోపల జెరాక్సు మిషను దగ్గర మునిరత్నం అటు తిరిగి నిలబడ్డాడు. అది రాసింది నేనేనని ఆ వీధిలో కుప్పమ్మకు తప్ప అందరికీ తెలుసు. చెప్పాలని నోరు తెరిచాను. "రేపు వకీలు దగ్గిరికి పోదాం, నేనొస్తా" అని మాత్రం అన్నాను. ఆరోజు ఆమె అర్జీ ఎడమ చేత్తో రాయాలనిపించింది. రాసిచ్చి డబ్బు తీసుకోలేదు. తీసుకోమని ఆమె ఎంతసేపు బతిమాలిందో! "నువ్వు దేవుడు అయ్యోరా" అని కూడా అంది. ఆ తిట్టు చాలు, ఈ దెబ్బ కూడా ఎందుకు?

ఆ వారం నుంచి ఆ వసూళ్ళ కంపెనీకి నా పేరుతో నేను అర్జీలు రాయడం మొదలుపెట్టాను. నలభై ఏళ్ళు ఊరి కోసం రాసినవాడిని, నాకోసం ఎప్పుడూ రాసుకోలేదు. పదకొండు అర్జీలు. అన్నిట్లోనూ అడిగింది మూడే. నా బాకీ అబద్ధం, కొట్టేయండి. కుప్పమ్మను వదిలేయండి. ఆ వాక్యం నాది, నా అనుమతి లేకుండా అచ్చు వేశారు, మీ రశీదుల్లోంచి తీసేయండి. మూడోది చదివి వకీలు గారు తల పట్టుకున్నాడు. "నేరం సేసినోళ్ళు నాది కాదంటారు గానీ, నాదే నాదే అని కొట్లాడేవాణ్ణి నిన్నే సూస్తా ఉండా" అన్నాడు. ఉండనీ. పొలం ఒకరు దున్నుకుంటే ఊరుకుంటాం గానీ, మన మడకతో పక్కవాడి గుడిసె దున్నుతుంటే ఊరుకుంటామా?

నెలలు గడిచాయి. జవాబు లేదు. పదకొండో అర్జీ పోస్టు చేసిన రోజు ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కుని, తిరుమల కొండ ఉన్న దిక్కుకు తిరిగి, కుడి చేతి మీద ఎడమ చెయ్యి వేసి సరోజ సాక్షిగా ప్రమాణం చేశాను. "ఇచ్చిన తాంబూలానికి రశీదు అడగను. అడిగినా రాయను. రాసినా చదివి వినిపించను. నా రాత బాగుందని ఎవరైనా అంటే చెవులు మూసుకుంటాను. ఈ చెయ్యి ఇక ఈ జన్మలో మరో రశీదు రాయదు. గోవిందా, గోవిందా!"

"సూద్దాంలే మామా," అంది సరోజ, పొయ్యి దగ్గర నుంచి తిరగకుండానే.

మొన్న బుధవారం జవాబు వచ్చింది. కవరులో ఒక ఉత్తరం, దానికి పిన్ను గుచ్చిన ఒక వంద నోటు, ఒక పది నోటు, కాగితంలో చుట్టిన చిల్లర ఆరు రూపాయలు. ఉత్తరం ఉన్నది ఉన్నట్టుగా ఇస్తున్నాను:

"శ్రీయుత చెంగల్రాయులు గారికి. తమరి పదకొండు అర్జీలూ అందినవి. పరిశీలించడమైనది. తమరి టైపురైటరు ఖాతాకు సంబంధించిన అసలు పత్రాలు మా వద్ద లభ్యం కానందున సదరు ఖాతాను మూసివేయడమైనది. కుప్పమ్మ గారి విషయం వేరు. ఆమె వేలిముద్ర వేసిన రశీదులోని వాక్యం ఏ లోపమూ లేకుండా ఉన్నదని మా న్యాయ సలహాదారు అభిప్రాయపడినందున ఆ ఖాతా కొనసాగుతుంది. సదరు వాక్యాన్ని తొలగించవలసిందిగా తమరు కోరినారు. అది ఇప్పటికే మా అన్ని శాఖలలోనూ వాడుకలో ఉన్నందున వీలుపడదు. అయితే ఒకరి శ్రమను ఉచితంగా వాడుకోవడం మా సంస్థ పద్ధతి కాదు. కావున సదరు వాక్యం రాసినందుకు తమరి రుసుముగా నూటపదహారు రూపాయలు దీనితో జతచేసి పంపుతున్నాము. ముట్టినట్టు స్వదస్తూరీతో రశీదు రాసి పంపగలరు."